పిడుగు గది డైరీ

జనవరి 5

మా మ్యూజియం అంటే రెండు గదులు, ఒక వరండా. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆటో ఎక్కితే పది నిమిషాలు. ముందు గదిలో టెలిస్కోపు, రాళ్ల నమూనాలు, ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ఉన్నాయి. వెనక గదిని ఇన్నేళ్లూ సామాన్ల కొట్టుగా వాడుకున్నాం. ఈరోజు విరిగిన బెంచీలు, చెదలు పట్టిన చార్టులు బయట పడేస్తే, అడుగున మంచి గది తేలింది. కిటికీలు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. మెరుపులు చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నాకు ఈ పిచ్చి పట్టించింది బోస్టన్ సైన్స్ మ్యూజియం వీడియో. అక్కడ ఒక వాన్ డి గ్రాఫ్ జనరేటర్ ఉంది, అంటే బెల్టుతో విద్యుదావేశం పోగేసి మెరుపులు పుట్టించే యంత్రం. మామూలు గాలిలో పనిచేసే రకంలో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. ఒక్కో అల్యూమినియం గోళం 15 అడుగుల వ్యాసం. రాబర్ట్ వాన్ డి గ్రాఫ్ ఎంఐటీలో ఉండగా 1930ల మొదట్లో అణు పరిశోధన కోసం దాన్ని కట్టాడు. ఆ పని అయిపోయాక మ్యూజియానికి ఇచ్చేశారు. మొదట్లో దాన్ని ఎయిర్‌షిప్పులు నిలిపే పెద్ద షెడ్డులో పెడితే, పావురాల రెట్టలు పడి తెగ ఇబ్బంది పెట్టాయట. మా వెనక గదిలోనూ పావురాలు కాపురం పెట్టాయి. ప్రస్తుతానికి బోస్టన్‌తో మాకున్న పోలిక ఇదొక్కటే.

బడ్జెట్ 12 వేలు. అందులో 4 వేలు నా జేబులోవి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జనవరి 11

ఏం కట్టాలో తేల్చుకున్నాం: ఒక చిన్న వాన్ డి గ్రాఫ్. మేము అంటే నేను (బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను), లేత్ షాపు అన్న, మా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు, వాచ్‌మన్ తాత. తాతను ఎవరూ కమిటీలో వేసుకోలేదు. తాళాలు ఆయన దగ్గర ఉంటాయి కాబట్టి ఆయనే చేరిపోయాడు.

టెస్లా కాయిల్ (గాల్లోకి మెరుపులు చిమ్మే తీగచుట్టల యంత్రం) అయితే చూడ్డానికి ఇంకా గొప్పగా ఉంటుందని పిల్లలు పట్టుబట్టారు. ఒక తెలిసినాయన అయితే పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తానన్నాడు. వద్దని దండం పెట్టాను. దాంట్లోంచి వచ్చేది 2 వేల వోల్టులే, కానీ ప్రాణం తీసేంత కరెంటు ఇస్తుంది. వాన్ డి గ్రాఫ్ లక్షల్లో వోల్టులు చూపిస్తుంది, కరెంటు మాత్రం మైక్రో ఆంపియర్లలోనే. వోల్టులు ఎక్కువైతేనే ప్రమాదం అనుకునే వాళ్లకి ఇది తలకిందుల లెక్కలా ఉంటుంది. పైన కొండంత చెరువు ఉన్నా, కుళాయి సన్నంగా ఉంటే పడేది చుక్కలే కదా అని చెప్పాను. తాతకు అర్థమైంది, పిల్లలకు టెస్లా కాయిల్ మీదే మనసు.

యంత్రం కిటుకు తేలిక. రెండు రోలర్ల మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. కింద టెఫ్లాన్ రోలర్ రాసుకుని రుణావేశం తెచ్చుకుంటుంది. దానికెదురుగా, బెల్టుకు తగలకుండా రాగి తీగల దువ్వెన. ఆ దువ్వెన మొనల నుంచి ధనావేశం బెల్టు మీదికి ఎక్కుతుంది. బెల్టు దాన్ని పైకి మోసుకెళ్లి బోలు గోళం లోపలి దువ్వెనకు అప్పగిస్తుంది. బోలు లోహం మీద ఆవేశం లోపల నిలవదు, ఎప్పటికప్పుడు బయటి తలానికి పోతుంది. అందుకే లోపల్నుంచి ఎంత పోసినా పడుతుంది.

‘ఆవేశం’ అన్న ప్రతిసారీ పిల్లలు నవ్వుతున్నారు. ఎవరికి ఆవేశం ఎక్కువ అనే చర్చలో మా హెడ్మాస్టరు గారి ప్రస్తావన వచ్చింది. అది డైరీలో రాయను.

జనవరి 18

గోళం కోసం పాతూరులో స్టీలు సామాన్ల కొట్టు. 30 సెంటీమీటర్ల గుండు బేసిన్లు రెండు, ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే గోళం. కొట్టాయన “పెళ్లికా సార్?” అన్నాడు. నేను ఒక్కో బేసిను తీసుకుని అంచు చుట్టూ వేలితో తడుముతుంటే అనుమానంగా చూశాడు. పదో బేసిను దగ్గర “సార్, అన్నీ ఒకే కంపెనీవి” అని గొణిగాడు.

అంచు ముఖ్యం. ఎక్కడైనా మొన తేలితే ఆవేశమంతా అక్కడ గుమికూడి గాల్లోకి కారిపోతుంది. గాలి సెంటీమీటరుకు దాదాపు 30 వేల వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, ఆపైన తెగుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గోళం లెక్క ప్రకారం నాలుగున్నర లక్షల వోల్టుల దాకా నిలవాలి. మూడో వంతు వస్తే పండగ చేసుకోవాలి.

జనవరి 27

సెలవులు. లేత్ కొట్టు మూసి ఉంది. పావురాల్ని మాత్రం ఖాళీ చేయించాం, కిటికీకి జాలీ కొట్టాం.

ఫిబ్రవరి 1

రోలర్లు తయారు. కింద టెఫ్లాన్, పైన నైలాన్. లేత్ అన్న డ్రాయింగ్ చూసి “సార్, ఇట్ల సమంగా తిప్పితే బెల్టు పక్కకు పోతాది. మధ్యలో రవ్వంత కడుపు పెట్టాల” అన్నాడు. నా డ్రాయింగులో ఆ కడుపు లేదు. పిండి మిల్లు పట్టాలకు ముప్పై ఏళ్లుగా పుల్లీలు చేస్తున్న మనిషి. నేను బీఎస్సీ, బీఈడీ.

ఫిబ్రవరి 4

బెల్టు ప్రయత్నం ఒకటి: స్కూటర్ పాత ట్యూబు కోసి అతికించాం. మోటారు తిరిగింది, బెల్టు తిరిగింది, ఏమీ లేదు. నల్ల రబ్బరులో కార్బన్ పొడి కలుపుతారు, అది కరెంటును పోనిస్తుంది. పైకి మోసుకెళ్లాల్సిన ఆవేశాన్ని దారిలోనే కిందికి జార్చేసింది. చిల్లులున్న కడవతో నీళ్లు మోసినట్టు. ఇది నాకు ముందే తెలియాలి. తెలుసు కూడా. ట్యూబు ఊరికే దొరికిందని కక్కుర్తి పడ్డాను.

ఫిబ్రవరి 8

బెల్టు ప్రయత్నం రెండు: పట్టు.

వాన్ డి గ్రాఫ్ 1929లో చేసిన తొలి నమూనాలో వాడింది సాదా పట్టు రిబ్బనే. పట్టు అంటే మనకు ధర్మవరం పక్కనే. తెలిసిన మగ్గం ఇంటికి వెళ్లి అడిగితే ముందు జరీ అంచు ముక్క ఇవ్వబోయారు. జరీ వద్దు, అందులో లోహం ఉంటుంది, ఆవేశం నిలవదు అన్నాను. “జరీ లేని పట్టు ఎవరికి సార్ కావాల?” అని ఆ ఇంటావిడ నవ్వింది. చివరికి నాలుగు వేళ్ల వెడల్పు సాదా పట్టు ముక్క దొరికింది. డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రం బిగించాం. గోళం దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి! మొదటిసారి. రవ్వ మాత్రం రాలేదు. పట్టు సాగదు, అందుకని రోలరు మీద జారుతోంది. బిగిస్తే కుట్టు దగ్గర చిరిగింది. ఇంటికెళ్లాక మా ఆవిడ “నా చీరల బీరువా తాళం ఎందుకు తీసి ఉంది?” అంది. దానికీ దీనికీ సంబంధం లేదని ఒట్టేశాను.

ఫిబ్రవరి 15

బెల్టు ప్రయత్నం మూడు. ఫిజియోథెరపీలో చేతుల వ్యాయామానికి వాడే వెడల్పాటి పసుపు రబ్బరు పట్టీ. 350 రూపాయలు. కొసలు అతికించి, బలపం పొడి రాసి, ఒక రాత్రి ఆరనిచ్చాం.

ఈరోజు మధ్యాహ్నం గదిలో తేమ 27 శాతం. అనంతపురం ఎండని తిట్టని రోజు నా జీవితంలో ఇదొక్కటేనేమో. గోళాన్ని నిలబెట్టిన నాలుగు అంగుళాల పీవీసీ పైపును స్పిరిట్‌తో తుడిచాం, చేతి చెమట మరక ఉన్నా ఆవేశం దాని వెంబడి కిందికి జారుతుంది. కిటికీలు మూశాం. కుట్టు మిషను మోటారు ఆన్ చేశాం. మొదట సన్నగా బుస్సుమన్న చప్పుడు. తర్వాత ముక్కుకు ఓజోను వాసన తగిలింది. “సార్, జిరాక్స్ షాపు వాసన” అంది మా పాప ఒకతె. సరిగ్గా అదే.

ఎర్త్ చేసిన చిన్న స్టీలు గుండును దగ్గరకు జరిపితే, ఫట్! ఊదా రంగు గీత. స్కేలు పెట్టి కొలిచాం, 5 సెంటీమీటర్లు. అంటే సుమారు లక్షన్నర వోల్టులు. ఇంత గోళంలో దాగే శక్తి మాత్రం జౌలులో ఐదో వంతే. అసలు పిడుగులో దాదాపు వంద కోట్ల జౌలులు. మా పిడుగు నల్లి కుట్టినట్టు, అది ఏనుగు తొక్కినట్టు.

తాత మూలన నిలబడి చూస్తున్నాడు. రవ్వ పడగానే “అర్జునా, ఫల్గుణా” అన్నాడు. అలవాటు.

ఫిబ్రవరి 28

సైన్స్ దినోత్సవం. రామన్ తన ఆవిష్కరణ చేసింది 1928లో ఇదే రోజున. మూడు బడుల పిల్లలు వచ్చారు, బ్యాచికి నలభై మంది.

జుట్టు నిలబెట్టే ఆట మొదటి బ్యాచిలో ఘోరంగా పోయింది. వీడియోల్లో అమ్మాయి గోళం మీద చెయ్యి పెట్టగానే జుట్టంతా పువ్వులా విచ్చుకుంటుంది. మా ఆడపిల్లలు కొబ్బరినూనె దట్టించి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. లక్షన్నర వోల్టులు ఆ జడను వెంట్రుక వాసి కూడా కదపలేకపోయాయి. అబ్బాయిల్లో ముందుకొచ్చినవాడు నిన్ననే తిరుపతి నుంచి వచ్చాడు, గుండుతో. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. రెండో బ్యాచిలో తలంటుకుని వచ్చిన పాప ఒకతె దొరికింది కాబట్టి పరువు నిలిచింది. ఆమెను ప్లాస్టిక్ స్టూలు మీద నిలబెట్టి, చెయ్యి గోళం మీద పెట్టించాకే మోటారు వేశాం. ముందు మోటారు వేసి తర్వాత చెయ్యి పెట్టమంటే రవ్వ తగులుతుంది, పిల్ల మళ్లీ సైన్స్ వైపు చూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందు వరసలో ఉండకూడదని బోర్డు రాశాం.

అసలు హిట్ మాత్రం బొరుగులు. సన్నటి అల్యూమినియం గిన్నెలో గుప్పెడు బొరుగులు పోసి గోళం మీద పెట్టాను. మోటారు వేగం అందుకోగానే అన్నిటికీ ఒకే రకం ఆవేశం ఎక్కి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పైకి చిమ్మాయి. చిచ్చుబుడ్డి పేలినట్టు గదంతా బొరుగులు. “ఉగ్గాని వాన!” అని ఎవరో అరిచారు. ఆ పేరే ఖాయమైపోయింది. అంత ఆనందం ఏ పాఠానికీ చూడలేదు నేను.

ఊడ్చింది తాత. తిట్టుకుంటూనే.

మార్చి 3

నిన్నటి ఆదివారం షోలో ఒక రవ్వ దారి తప్పి మోటారు రెగ్యులేటరు మీద పడింది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు, ఒక్క దెబ్బకు పోయింది. టికెట్ బల్ల మీది కంప్యూటరు దానంతట అదే ఆగి మళ్లీ మొదలైంది.

ఎందుకని వెతికితే గుండె జారింది. మనం ఎర్త్ అనుకుని నమ్ముకున్న మూడో పిన్నుకు గోడ లోపల వైరే లేదు. ఈ భవనానికి వైరింగ్ చేసినవాళ్లెవరో మూడు రంధ్రాల సాకెట్టు బిగించారు గానీ మూడోది ఉత్తుత్తిదే. ఇన్నాళ్లూ ఆ గదిలో ఫ్యాను, లైట్లు, మోటారు అన్నీ ఎర్త్ లేకుండానే నడిచాయి. మీ ఇంట్లో ఒకసారి చూపించుకోండి, నిజంగా చెప్తున్నా.

మార్చి 9

కొత్త ఎర్త్ గుంత. ఎలక్ట్రీషియన్ తమ్ముడొకడు వచ్చి వరండా పక్కన తవ్వించాడు. కడ్డీ చుట్టూ బొగ్గులు, ఉప్పు వరసలు వరసలుగా వేశాం. మా నేల ఎంత ఎండిపోయి ఉందంటే ఆరడుగుల లోతున కూడా మట్టి పొడిపొడిగా రాలింది. ఎండాకాలం అంతా వారానికోసారి నీళ్లు పోయమన్నాడు, తడి లేకపోతే భూమి కరెంటును తీసుకోదు. యంత్రానికి పొడి గాలి, ఎర్త్‌కు తడి నేల. రెండూ ఒకే ఊళ్లో కావాలి మాకు.

రెగ్యులేటరు బదులు పాత కుట్టు మిషను కాలి పెడల్ పెట్టాం. దాంట్లో ఎలక్ట్రానిక్ సరుకేమీ లేదు కాబట్టి రవ్వకు చావదు. ఇంకో లాభం, కాలు తీస్తే మోటారు ఆగుతుంది. కంగారులో స్విచ్చి కోసం వెతుక్కునే పని లేదు.

మార్చి 23

కోళ్ల గూటి జాలీతో ఫారడే పంజరం. మైకేల్ ఫారడే 1836లో 12 అడుగుల గది లాంటి పంజరం కట్టి, బయటంతా విద్యుత్ రవ్వలు కురుస్తుంటే లోపల కూర్చుని, తన పరికరాలకు ఏమీ తెలియలేదని చూపించాడు. మాది మూడడుగులది. లోపల కాగితం పోగులు కట్టిన స్టాండు పెట్టాం. బయట రవ్వలు ఫటఫటమంటుంటే లోపల ఒక్క పోగూ కదల్లేదు.

రేడియో కూడా పెట్టాను. ఆకాశవాణి అనంతపురం పాట వస్తూ వస్తూ తలుపు మూయగానే గరగర. పిల్లలు చప్పట్లు. అదే ఊపులో సెల్‌ఫోను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి “ఇప్పుడు మోగదు చూడండి” అన్నాను. భేషుగ్గా మోగింది. మూతకూ డబ్బాకూ మధ్య సందు సెల్ సిగ్నల్‌కు చాలు. అప్పటికప్పుడు ఇది చెప్పేసి తప్పించుకున్నాను గానీ, ఆ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

బస్సులో, కారులో అద్దాలు మూసుకుని కూర్చుంటే పిడుగు నుంచి కాపాడేది రబ్బరు టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప పెట్టె. ఇది అందరికీ చెప్పాల్సిన మాట. బైకుకూ రబ్బరు టైర్లే ఉంటాయి మరి.

ఏప్రిల్ 12

ఈరోజు జరిగింది రాయాలి.

తాత తమ్ముడి వరస అయ్యే ఆయన వచ్చాడు. గొర్రెల కాపరి, కళ్యాణదుర్గం వైపు. గొంగడి భుజాన వేసుకుని, షో మొత్తం నిలబడే చూశాడు. బొరుగులకు నవ్వాడు. పంజరం దగ్గర తల ఊపాడు. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

“ఇదంతా బాగుండాది సామీ. వానొస్తే అడివిలో మేము యాడికి పోవల్ల?”

నా దగ్గర పాఠం ఉంది. చెట్టు కింద నిలబడొద్దు, పక్కా మిద్దెలోకి పోవాలి అన్నాను.

“మిద్దె రెండు మైళ్లు. జీవాలు నూటిరవై. ఇడ్సిపెట్టి ఎట్ల పోయేది?”

కింద కూర్చుంటే సరిపోతుందా అని కూడా అడిగాడు. గొంతుక్కూర్చుంటే కాపాడుతుందని ఒకప్పుడు చెప్పేవాళ్లు. ఆ మాటను నమ్ముకోవద్దనే ఇప్పుడు నిపుణులు అంటున్నారు. ఆరుబయట భద్రమైన చోటంటూ లేదు. అదే చెప్పాను. ఆయన కోపంగా ఏమీ చూడలేదు. “సరే సామీ” అని వెళ్లిపోయాడు.

రెండు నెలలుగా 5 సెంటీమీటర్ల రవ్వను 6 చేయడానికి తంటాలు పడ్డాం. ఈ జిల్లాలో పిడుగంటే ఎవరికి భయమో, వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు మా గదిలో ఏ బల్ల మీదా జవాబు లేదు. నిద్ర పట్టడం లేదు.

ఏప్రిల్ 20

గది సగం మార్చేస్తున్నాం. కొత్త బల్ల మీద ఊరు: అల్యూమినియం రేకు చుట్టిన థర్మోకోల్ నేల, దానికి ఎర్త్. ఒక మిద్దె, ఒక గుడిసె, పచ్చి వేపరెమ్మ చెట్టు, బంకమట్టి గొర్రెలు, బంకమట్టి కాపరి. పైన మబ్బుగా ఒక స్టీలు తాంబాళం, నైలాన్ దారాలకు వేలాడుతుంది, గోళం నుంచి దానికి వైరు.

రవ్వ వేపచెట్టు కొసకే పడుతుంది, అనుకున్నట్టే. కానీ తడి బంకమట్టి కాపరిని చెట్టు మొదలుకు సెంటీమీటరు దూరంలో పెట్టాక చూడాల్సింది వచ్చింది. రవ్వ చెట్టు మీద పడి, మధ్యలో కాండం వదిలేసి పక్కకు, కాపరి మీదికి దూకింది. చెట్టు కన్నా తడి ఒళ్లు కరెంటుకు సులువైన దారి. చెట్టు కింద నిలబడిన మనిషికి జరిగేది ఇదే. మా తొమ్మిదో తరగతి పిల్లాడు ఆ బొమ్మను తీసి దూరంగా పెట్టి “ఇంకోసారి వద్దు సార్” అన్నాడు.

గది నేల మీద సుద్దముక్కతో గుండ్రటి గీతలు కూడా గీశాం. పిడుగు పడ్డ చోటి నుంచి దూరం పోయేకొద్దీ నేలలో వోల్టేజి తగ్గుతూ పోతుంది. ఒక కాలు ఒక గీత మీద, ఇంకో కాలు ఇంకో గీత మీద ఉంటే ఆ తేడా ఒంట్లోంచి పారుతుంది. జీవాలకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ, మధ్యలో గుండె. ఒకే పిడుగుకు మందలు మందలు పడిపోయేది ఇందుకే.

మే 3

మిద్దె మీద పిడుగు కడ్డీ పెట్టడంలో నాలుగు రోజులు తగలేశాం.

మొదట కుట్టుసూది పెట్టి ఎర్త్ చేశాం. రవ్వలే ఆగిపోయాయి! సూది మొన తాంబాళంలోని ఆవేశాన్ని చప్పుడు లేకుండా లాగేస్తోంది. చూసిన పిల్లలు “కడ్డీ ఉంటే పిడుగే పడదు” అనేశారు. అది తప్పు. అసలు మబ్బు కిలోమీటర్ల మేర ఉంటుంది, దాన్ని ఒక కడ్డీ ఖాళీ చేయలేదు. కడ్డీ పని పిడుగును ఆపడం కాదు, తన మీద వేసుకుని వైరు వెంట భూమిలోకి దించేయడం. మా బల్ల చిన్నది కాబట్టి అబద్ధం చెప్తోంది. సూది తీసేసి సైకిలు బేరింగు గుండు అంటించాం. ఇప్పుడు రవ్వ గుండు మీద పడి వైరులోకి పోతుంది. మిద్దె లోపలి బొమ్మ క్షేమం.

మొన కడ్డీయా గుండు కడ్డీయా అన్నది పాత తగాదా. మొన కడ్డీ మంచిదన్నవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అమెరికా తిరగబడ్డ రోజుల్లో ఇంగ్లండు రాజు 3వ జార్జి ఫ్రాంక్లిన్ మీద కోపంతో గుండు కడ్డీల పక్షం చేరాడు. కడ్డీకి కూడా పార్టీలు!

ఒకడు “మనమూ ఫ్రాంక్లిన్ లాగా గాలిపటం ఎగరేద్దామా సార్” అన్నాడు. మెరుపు కూడా కరెంటేనని చూపడానికి ఫ్రాంక్లిన్ ఉరుముల్లో ఎగరేశాడన్న 1752 గాలిపటం కథ తెలిసిన ప్రతివాడికీ 1753 కథ కూడా చెప్పాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఉరుముల వేళ ఇంట్లో కడ్డీ ప్రయోగం చేస్తూ పిడుగుకు చనిపోయాడు. వాడు మళ్లీ గాలిపటం ఊసెత్తలేదు.

మే 11

కాపరి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఇచ్చింది తాతే, తనకు తెలియకుండా.

దామిని అని పుణే వాతావరణ పరిశోధన సంస్థ యాప్ ఉంది. చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. మంచిదే. కానీ ఆ కాపరిది బటన్ల ఫోను, గడియారం లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టడమెలా?

ఈ మాట అంటుంటే తాత “మేము లెక్కబెట్టం సార్. అర్జునుడి పేర్లు చెప్పుకుంటాం” అన్నాడు. ఆ పది పేర్లు మా అవ్వా చెప్పేది: అర్జునుడు, ఫల్గుణుడు, పార్థుడు, కిరీటి, శ్వేతవాహనుడు, బీభత్సుడు, విజయుడు, కృష్ణుడు, సవ్యసాచి, ధనంజయుడు. శ్లోకంగా అంటారు. తాత చేత అనిపించి ఫోనులో టైము చూశాను, 8 సెకన్లు. పిల్లల చేత, లేత్ అన్న చేత, మా ఆవిడ చేత కూడా అనిపించాను. 7 నుంచి 9 లోపే అందరూ.

ధ్వని సెకనుకు 340 మీటర్లు. అంటే మెరుపు చూసి శ్లోకం ఒకసారి పూర్తయ్యాక ఉరుము వినబడితే పిడుగు పడింది రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. నాలుగుసార్లు అంటే అర నిమిషం, పది కిలోమీటర్లు. నాలుగో శ్లోకం ముగిసేలోపు ఉరుము వచ్చిందా, మంద తోలుకుని కదలాలి. రెండు మైళ్ల దూరంలో మిద్దె ఉన్నవాడికి అది చినుకు పడకముందే కదలడం. నిజానికి ఉరుము చెవికి వినబడిందంటేనే మనం దాని పరిధిలో ఉన్నట్టు, నాలుగు శ్లోకాలు అనేది ఆఖరి గడువు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు, ఇది కూడా కలిపి చెప్పాలి.

దేవుడి పేరుతో సైన్స్ ఏంటని ఒక మిత్రుడు ముఖం చిట్లించాడు. నేను దేవుణ్ణి గడియారంగా వాడుతున్నాను, అంతే. కొట్టేసే హక్కు ఎవరికుంది?

మే 25

కాపరికి కబురు పెట్టాం. వచ్చి బల్ల చూశాడు. చెట్టు, బొమ్మ, పక్కకు దూకే రవ్వ. రెండోసారి వేయమన్నాడు. మూడోసారీ. శ్లోకం లెక్క చెప్తే వేళ్ల మీద నాలుగు మడిచి “ఇది మా పిల్లోల్లకు చెప్పొచ్చు” అన్నాడు. జీవాల్ని వదిలిపెట్టి పోవడం మీద మాత్రం ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

జుట్టు ఆట చివర ఒక మాట చేర్చాను. గోళం మీద చెయ్యి ఉండగా జుట్టు లేస్తే నవ్వు వస్తుంది. చేలో ఉండగా ఒంటి మీద వెంట్రుకలు లేచి చర్మం జివ్వుమంటే, నెత్తిమీది మబ్బు నీ వైపే చూస్తోందని. పిల్లలు నవ్వు ఆపి తలలు తడుముకున్నారు. ఇంకొకటి కూడా: పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ముట్టుకోవచ్చు, స్పృహ లేక ఊపిరి ఆడకపోతే వెంటనే గుండె నొక్కాలి. భయపడి దూరంగా నిలబడితే బతికేవాడు కూడా పోతాడు.

జూన్ 22

బడులు తెరిచాక మొదటి పెద్ద షో. రెండు మండలాల నుంచి పిల్లలు, ఒక బస్సు నిండా.

మధ్యాహ్నం రెండుకే మబ్బు కమ్మింది. గదిలో తేమ 81 శాతం. పెడల్ తొక్కాను. బుస్ లేదు, రవ్వ లేదు. హెయిర్ డ్రయ్యరుతో బెల్టు ఆరబెట్టాం, పైపు తుడిచాం. ఒక వెంట్రుక కూడా లేవలేదు. బయట మాత్రం మెరుపు మీద మెరుపు. అరవై మంది పిల్లలు నన్నూ గోళాన్నీ చూస్తున్నారు. టెన్షన్‌తో చొక్కా తడిసిపోయింది, ఆ చెమటతో ఇంకో నాలుగు శాతం తేమ పెరిగి ఉంటుంది.

ప్లగ్గులన్నీ పీకేశాను. “మిషన్ పలకడం లేదు. పెద్ద మిషన్ చూద్దాం రండి” అని ముందు గదిలోకి తీసుకెళ్లాను. కిటికీలకు దూరంగా నేల మీద కూర్చోబెట్టాం. తాత మధ్యలో.

మెరిసింది. అందరూ ఒక్క గొంతుతో అర్జునుడి పేర్లు అందుకున్నారు. మూడో శ్లోకం సగంలో ఉరిమింది. ఏడు కిలోమీటర్లని ఎవరో లెక్కేసి అరిచారు. మళ్లీ మెరుపు, ఈసారి రెండో శ్లోకం మొదట్లోనే. ఆ తర్వాతది పార్థుడి దగ్గరకు కూడా రాలేదు. గాజు కిటికీలు గడగడలాడాయి. పేర్లు ఆగిపోయాయి. ఒక చిన్న పిల్ల తాత చెయ్యి పట్టుకుంది.

కరెంటు పోయింది, వచ్చింది. బస్సు డ్రైవరు తొందరపడుతుంటే బస్సులో కూర్చుని అద్దాలు మూసుకోమన్నాం, రోడ్డెక్కొద్దని చెప్పాం. చివరి ఉరుము 4 గంటల 5 నిమిషాలకు. 4:35 దాకా ఎవర్నీ గుమ్మం దాటనివ్వలేదు. అప్పటికి షో కోసం తెచ్చిన రెండు కిలోల బొరుగులూ పిల్లలు తినేశారు.